డోకువికీలో పేజీ సేవ్ కాని సమస్యకు పరిష్కారం
నమస్కారమండి. పొందూరు ఖాదీ నేతపని వివరాలు పెట్టుకున్న డోకువికీని (బ్రౌజరులోనే పేజీలు రాసి దిద్దుకునే వికీ సాఫ్ట్‌వేర్) రూట్ ఖాతాతో (సర్వరుపై పూర్తి అధికారమున్న ఖాతా) కొత్త ఉబుంటు సర్వరులోకి కాపీ చేశాక పేజీలు సేవ్ కావడం లేదని, 777 అనుమతి (అందరికీ చదివే, రాసే, నడిపే హక్కు) ఇమ్మని ఎవరో చెప్పారని రాశారు. దయచేసి 777 ఇవ్వకండి. అప్పుడు ఆ సర్వరులోని ఏ ఖాతా అయినా మీ ఫైళ్లను మార్చగలదు.

డోకువికీకి డేటాబేస్ ఉండదు, ప్రతి పేజీ 'డేటా' ఫోల్డరులో ఒక టెక్స్ట్ ఫైలుగా ఉంటుంది కనుక, కాపీ తర్వాత రూట్ పేరున పడిన 'డేటా', సెట్టింగులుండే 'కాన్ఫ్' ఫోల్డర్ల యాజమాన్యాన్ని లోపలి ఫైళ్లతో సహా వెబ్ సర్వరు నడిచే 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా' ఖాతాకు మార్చితే చాలు.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. మీరిప్పుడు వెబ్ సర్వరు సాఫ్ట్‌వేరుగా అపాచీ వదిలి ఎన్‌జిన్‌ఎక్స్ వాడుతున్నారు. అది, అపాచీలో ఫోల్డర్లకు బయటివారిని రానివ్వకుండా ఆపే 'డాట్ హెచ్‌టీయాక్సెస్' ఫైళ్లను పట్టించుకోదు కాబట్టి, ఆ రెండు ఫోల్డర్లకూ బయటివారి ప్రవేశాన్ని దాని కాన్ఫిగరేషన్‌లోనే నిషేధించాలి. తర్వాత 'డేటా' లోపలి ఏదైనా టెక్స్ట్ ఫైలు చిరునామాను బ్రౌజరులో తెరవండి: 403 (ప్రవేశం నిషిద్ధం అనే సందేశం) రావాలి.