కొత్తోడు టీమ్‌లోకి వచ్చినప్పుడు

కోడలు పిల్లా,

"మా టీమ్‌లోకి ఎవడో కొత్తోణ్ణి వేశారు మావయ్యా, వాడికి అన్నీ మొదట్నుంచి చెప్పలేక చస్తున్నా" అన్నావు కదా మొన్న, నేనేమో బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని సరిగా మాట్లాడలేకపోయా, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

విసుక్కోకుండా చెప్పు. చెప్తుంటేనే వాడు మీలో ఎవరూ అడగనిది అడుగుతాడు. మా దగ్గర స్కూటర్ కంట్రోలర్ బాక్స్‌లోకి తడి వస్తుంటే మేమంతా మూత సందుని మూసే గ్యాస్కెట్ మార్చడం, ఇంకా గట్టిగా బిగించడం, ఇదే పని. హెడ్‌లైట్ల వైపు నుంచి వచ్చిన కుర్రాడు చూసి "ఇది గాలి పీలుస్తోంది సార్" అన్నాడు. నిజమే, వేడెక్కిన బాక్స్ మీద వాన పడితే లోపలి గాలి చల్లబడి ప్రెషర్ తగ్గుతుంది, ఎక్కడ సన్న సందున్నా తడిని లోపలికి లాగేస్తుంది, ఇంక ఎంత బిగించి ఏం లాభం? గాలిని పోనిచ్చి నీళ్లని ఆపే పొర ఉన్న వెంట్ హెడ్‌లైట్ల వాళ్లకి మామూలే, మాకే తట్టలేదు. వెంట్ పాతదే, మా బాక్స్‌లో దాన్ని అమర్చిన తీరు కొత్తది, దానికే చెన్నై గిండీలోని పేటెంట్ ఆఫీసులో ఫైల్ చేశాం. తర్వాత ఆ కుర్రాడు వేరే ప్రాజెక్టుకి వెళ్లిపోయాడు, కానీ ఏ మూసిన బాక్స్ చూసినా మాకు ముందు ప్రెషరే గుర్తొస్తోంది.

అమెరికా కంపెనీ త్రీఎంలో స్పెన్సర్ సిల్వర్ 1968లోనే గట్టిగా అంటుకోని జిగురు చేసి ఏళ్ల తరబడి కంపెనీలో అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. చర్చి పాటల పుస్తకంలోంచి గుర్తు కాగితాలు జారిపోతున్నాయని విసిగిన ఆర్ట్ ఫ్రైకి 1974లో ఆ జిగురు గుర్తొచ్చింది, అలా పుట్టిన పోస్ట్-ఇట్, అంటించి తీసేసే చీటీలు, అమెరికా అంతటా దొరికింది 1980లో. ఫ్రైది వేరే డివిజన్, అదీ సంగతి.

అలాగని మూణ్ణెల్లకోసారి టీమ్‌లో మనుషులందర్నీ మార్చేసే మేనేజర్ల మాట వినకు, ఏది ట్రై చేసి ఎందుకు వదిలేశామో తెలిసిన పాతోడు ఒకడైనా ఉండాలి, లేకపోతే చేసిందే మళ్లీ చేస్తారు. మొదటి నెలా రెండు నెలలు పని నెమ్మదిస్తుంది, అది మీ బాస్‌కి ముందే చెప్పెయ్.

పేర్ల గొడవ కూడా ముందే తేల్చుకోండి. పేటెంట్ కంపెనీదే అయినా ఇన్వెంటర్ పేరు ఐడియా ఇచ్చినోళ్లది, మేనేజర్ అయినంత మాత్రాన పేరు ఎక్కదు. ఎవరు ఏం చెప్పారో తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయండి.

వాడికి స్లైడ్లు తర్వాత చూపించొచ్చు, రేపే ల్యాబ్‌కి తీసుకెళ్లి ఫెయిలైన పీసులు ముందర పెట్టు. తెలుగోడే అయితే ఆదివారం మనింటికి భోజనానికి కూడా తీసుకురా.

మావయ్య