ట్యాంకర్ గారండ్‌ను అసలైన ప్రోటోటైప్‌గా భావించి కొనవచ్చా?

‘ట్యాంకర్ గారండ్’ పేరుతో మీరు చూసిన పొట్టి ఎం1 గారండ్ రైఫిల్ రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకు సిబ్బంది కోసం తయారైన అరుదైన ప్రోటోటైప్ అని అమ్మకందారు చెబుతున్నారనీ, అంత ధర పెట్టవచ్చా అనీ అడిగారు. పెట్టవద్దు. మసాచుసెట్స్‌లో ఉంటూ చాలా కాలంగా ఎం1 రైఫిళ్లను సేకరిస్తున్నాను కనుక ఇలాంటివి ఆయుధ ప్రదర్శనల్లో తరచూ చూస్తుంటాను. వాటి వెంట వచ్చే కథ కూడా దాదాపు ఇదే.

జాన్ గారండ్ స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో రూపొందించిన ఎం1ను అమెరికా సైన్యం 1936లో స్వీకరించింది. దాని గొట్టం పొడవు 24 అంగుళాలు. 1944లో అక్కడే దానిని 18 అంగుళాలకు కుదించి, మడత పెట్టగలిగే మడమను (భుజానికి ఆనించే వెనుక భాగాన్ని) అమర్చి ఎం1ఇ5 అనే ప్రయోగాత్మక రైఫిల్‌ను తయారు చేశారు. 300 గజాల దూరంలో గురి బాగానే కుదిరింది కానీ, పూర్తి స్థాయి తూటాలోని మందు అంత పొట్టి గొట్టంలో కాలడం పూర్తికాకపోవడంతో మోత, గొట్టం మూతి వద్ద మంట మితిమీరిపోయాయి. తర్వాత పసిఫిక్ రణరంగం నుంచి పొట్టి రైఫిల్ కావాలన్న కోరిక మళ్లీ రావడంతో మామూలు చెక్క మడమతోనే టి26 సిద్ధమైంది; 1945లో 15,000 కావాలని ఉత్తర్వు వెలువడినా, యుద్ధం ముగియడంతో అది రద్దయింది. ఈ కథలో ట్యాంకు సిబ్బంది ఎక్కడా లేరు. ‘ట్యాంకర్’ అన్న పేరు యుద్ధానంతరం మిగులు రైఫిళ్లను కోసి అమ్మిన వ్యాపారులది, పేరు మాత్రం బాగా అమ్ముడుపోయేదే.

కాబట్టి ముందుగా కాగితాలు అడగండి. ఆయుధశాల నుంచి ఆ రైఫిల్ ఎవరి చేతికి, ఎలా వచ్చిందో చూపే పత్రాలు లేకపోతే, గొట్టం పొడవు ఒక్కటే దేనికీ రుజువు కాదు. తర్వాత రిసీవర్‌ను, అంటే గొట్టం వెనుక పేల్చే యంత్రాంగం ఉండే లోహ భాగాన్ని, వెలుతురులో తిప్పి చూడండి. సైన్యం తుక్కు కింద ముక్కలు చేసిన రిసీవర్లను కొందరు వెల్డింగ్‌తో అతికించి అమ్మారు. నేను పరిశీలించిన ఒకదానిలో ముందు సగం పచ్చని బూడిద రంగులో, వెనుక సగం నల్లగా ఉంది. రెండూ కలిసే చోట ఆకురాయితో రుద్దిన సన్నని గీతలు గోటికి తగిలాయి. పేలిన వాయువు ఒత్తిడితో కదిలి రైఫిల్ యంత్రాంగాన్ని నడిపే కడ్డీ అయిన ఆపరేటింగ్ రాడ్‌ను కూడా కుదించక తప్పదు గనుక, దాని మీద అతుకు ఎక్కడ పడిందో, ఎంత నేర్పుగా పడిందో గమనించండి.

ఎం1ఇ5 స్ప్రింగ్‌ఫీల్డ్ మ్యూజియం సేకరణలో ఉంది. 1968లో మూతపడిన ఆ ఆయుధశాలను నేషనల్ పార్క్ సర్వీసు మ్యూజియంగా నిర్వహిస్తోంది. అటువంటిది మనకు అమ్మకానికి దొరకదు కనుక, నేను దాని పేల్చలేని ప్రతిరూపం చేయించుకున్నాను. కొలతలకు ఫొటోలే ఆధారమయ్యాయి: ఎం1 ట్రిగర్ గార్డు (ట్రిగర్ చుట్టూ ఉండే లోహపు కమ్మీ) అసలు పొడవు తెలుసు కాబట్టి, దానిని కొలబద్దగా తీసుకుని మడమ కీళ్ల దూరాలు లెక్కగట్టాము. దీని కోసం మంచి రైఫిల్‌ను కోయలేదు. ప్రతిరూపం అన్న మాటను, తయారైన సంవత్సరాన్ని చెరిపేయలేని విధంగా లోపల చెక్కించాను. నా తర్వాత దానిని అమ్మేవారికి కొత్త కథ అల్లే అవకాశం ఉండకూడదు.

ఇంత చెప్పినా ఆ రైఫిల్ మీద మీకు మనసు పోతే, వ్యాపారులు కుదించిన ఎం1లకు మార్కెట్లో ఉన్న ధర మాత్రమే ఇవ్వండి, అనుభవజ్ఞుడైన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) రిసీవర్‌ను పరీక్షించే వరకు అందులో తూటా పెట్టకండి.