ఎండల్లో నడక మానాలా?

ప్రశ్న: ఎండలు ముదిరాక రోజూ 40 నిమిషాల నడక తర్వాత తల నొప్పి, పిక్కలు పట్టేయడం. ఇంటికి రాగానే లీటరు నీళ్లు తాగేస్తున్నాను. ఆకలి కూడా తగ్గింది. నడక మానేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మానక్కర్లేదు. తాగే తీరు మార్చండి. దాహం ముదిరేదాకా ఆగి లీటరు ఒక్కసారిగా పోస్తే కడుపు ఉబ్బుతుందే తప్ప, చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు. బయల్దేరే ముందు ఒక గ్లాసు, దారిలో 15-20 నిమిషాలకోసారి నాలుగైదు గుక్కలు చాలు. మీకు ఎంత చెమట పోతోందో తెలియాలంటే నడకకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. అరకిలో తగ్గితే సుమారు అరలీటరు నీరు పోయినట్టే. దాన్ని గంటా రెండు గంటల్లో కొద్దికొద్దిగా భర్తీ చేయండి. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టు, ముదురైతే చాలనట్టు.

ఎండ వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అందాకా 20 నిమిషాలే నడవండి, అదీ సూర్యోదయానికి దగ్గర్లో.

ఆకలి లేదని పూట మానొద్దు. తక్కువ మోతాదులో నాలుగైదుసార్లు తినండి. నీరెక్కువున్న పండ్లు, కూరగాయలు మేలు, పండ్ల రసం కంటే పండే నయం. కడుపునిండా తిన్నాక కనీసం రెండు గంటలదాకా నడక వద్దు. వేడి 32 డిగ్రీలు దాటితే, వండినది గంటకు మించి ఫ్రిజ్ బయట ఉంచకండి.

రక్తపోటు, గుండె, కిడ్నీ మందులు వాడేవారు నీళ్లు, ఉప్పు పెంచే ముందు డాక్టర్ని అడగాలి. మాట తడబడినా, మతి తప్పినా అది వడదెబ్బే అనుకుని నీడకు చేర్చి, ఒంటిమీద చల్లటి నీళ్లు పోస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.