మోడల్ కంటే ముందు రాయిని చదవండి

ప్రశ్న: కాకినాడలో బీటెక్ పెట్రోలియం ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. భూగర్భంలో కార్బన్ డయాక్సైడ్ నిల్వ చేసే రాళ్ల వెటబిలిటీని (రాయి నీటిని ఎంతగా అంటిపెట్టుకుంటుందన్నదాన్ని) మెషిన్ లెర్నింగ్‌తో అంచనా వేసే ప్రాజెక్టు చేయాలనుంది. ఫ్రెండ్సేమో అది మానేసి డేటా సైన్స్ కోర్సులో చేరమంటున్నారు. ఏది మేలు?

జవాబు: ప్రాజెక్టే చేయండి. పైథాన్, రాండమ్ ఫారెస్ట్ లాంటి మెషిన్ లెర్నింగ్ పద్ధతులు వచ్చినవాళ్లకు కొదవ లేదు. రాయి తెలిసి వాటిని వాడేవాళ్లే తక్కువ.

ఇంటర్ ఫిజిక్స్ తలతన్యత పాఠంలో చదివిన స్పర్శకోణం, అంటే నీటిబొట్టు అంచు రాతితో చేసే కోణం, గుర్తుందా? వెటబిలిటీకి కొలత అదే. మీ మోడల్ చెప్పాల్సింది దాన్నే. నీటివైపు నుంచి కొలిచిన కోణం 90 డిగ్రీలకు బాగా తక్కువగా ఉంటే రాయి నీటినే పట్టుకుంటుంది. నిల్వ పొర మీద మూతలా ఉండే పైకప్పు రాతి సన్నని రంధ్రాల్లోని ఆ నీరు కార్బన్ డయాక్సైడ్‌ను చొరబడనివ్వదు. కోణం పెరిగేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. నార్వేలోని స్లైప్నర్‌లో 1996 నుంచి సముద్రం అడుగున ఉప్పునీటి ఇసుకరాతి పొరలోకి కార్బన్ డయాక్సైడ్ పంపుతూ వచ్చారు. దాన్ని పైకి రాకుండా ఆపుతున్నది పైనున్న షేల్ (సన్నని మట్టిరేణువులు గట్టిపడిన రాయి) పొరే. అంత లోతులోని ఒత్తిడి, వేడి ల్యాబ్‌లో కల్పించి ఒక్కో కోణం కొలవడం ఖర్చుతో, ఓపికతో కూడిన పని. అందుకే ఒత్తిడి, ఉష్ణోగ్రత, నీటిలోని ఉప్పు శాతం, ఖనిజం ఏదన్నది ఇచ్చి కోణం చెప్పించే మోడళ్లు వస్తున్నాయి.

చిక్కంతా డేటాలోనే. ఒకే క్వార్ట్జ్ ఖనిజానికి, దాదాపు ఒకే పరిస్థితుల్లో, ఒక్కో పరిశోధన పేపర్లో ఒక్కో కోణం కనిపిస్తుంది. రాతిముక్కను ఎలా కడిగారు, పైభాగం ఎంత గరుకు, సేంద్రియ పదార్థం ఏమైనా అంటిందా అన్నదాన్ని బట్టి కోణం మారిపోతుంది. ఆ వివరాలు చాలా పట్టికల్లో ఉండవు. పైగా ఒకే పేపర్లోని కొలతల్ని కొన్ని ట్రైనింగ్‌కు (మోడల్‌కు నేర్పడానికి), కొన్ని టెస్టింగ్‌కు పంచేస్తే స్కోరు ఘనంగా వస్తుంది. ప్రశ్నపత్రం ముందే చూసి పరీక్ష రాసినట్టన్నమాట! ఒక ల్యాబ్ డేటా మొత్తాన్ని పక్కన పెట్టి దానిమీద పరీక్షించండి. స్కోరు పడిపోవచ్చు, పడనివ్వండి. ఎందుకు పడిందో వివరించగలిగితే ఇంటర్వ్యూలో మీతో అరగంట మాట్లాడతారు.

ఇక ఉద్యోగాలు. మన దేశంలో ఈ రంగం ఇంకా ఎక్కువగా పరిశోధన దశలోనే ఉంది, కాబట్టి ఈ పేరుతో నోటిఫికేషన్లు వస్తాయని కూర్చోవద్దు. రిజర్వాయర్ ఇంజినీరింగ్ (భూగర్భ రాతి పొరల్లో చమురు, గ్యాస్ కదలికల శాస్త్రం) గట్టిగా చదివి గేట్‌లో పెట్రోలియం పేపర్ రాయండి. ఎంటెక్‌కు అదే దారి. చమురు కంపెనీలు ఎలా ఎంపిక చేస్తున్నాయో వాటి నోటిఫికేషన్లలో చూసుకోండి. పరిశోధన మీద మనసుంటే ఐఐటీ బాంబేలో కార్బన్ క్యాప్చర్‌కు జాతీయ ఎక్సలెన్స్ కేంద్రం ఉంది. దక్కన్ బసాల్ట్ (లావా గట్టిపడిన రాయి)లో నిల్వ అవకాశాలపై హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) పనిచేసింది. వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఈ రెండుచోట్లా అడిగి చూడండి. డేటా సైన్స్‌కు మాత్రం ఇప్పుడే వేలు పోయకండి, ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఎల్‌లో పాఠాలు ఉచితంగానే ఉన్నాయి.