చిట్టికి, రెండో నంబరు లైను గురించి

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, చిట్టికి సియోల్‌లో సీటొచ్చింది, హన్యాంగ్ యూనివర్సిటీ" అన్నాడు. సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మాత్రం భయమేసింది. బస్సులో కిటికీకి తల ఆనిస్తే రెండు నిమిషాల్లో నిద్రపోయే పిల్లవి నువ్వు. నీ కాలేజీ ఏమో అక్కడి మెట్రో రైళ్ల రెండో నంబరు లైను మీద ఉంది. ఆ లైను మీద నేను మూడేళ్లు తిరిగాను. అందుకే ఈ ఉత్తరం.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. దిగగానే టీ-మనీ కార్డు కొనుక్కో, రైళ్లకీ బస్సులకీ టికెట్ బదులు అదే. అందులో వేయడానికి కొన్ని వోన్ నోట్లు, అదే అక్కడి డబ్బు, చేతిలో ఉంచుకో. ఇంచన్ ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే రైల్లో హోంగిక్ యూనివర్సిటీ స్టేషన్‌లో దిగి, ఆకుపచ్చ రంగు లైనుకి మారు, అదే రెండో నంబరుది. పెట్టె చివర్లలో ముసలివాళ్ల సీట్లుంటాయి, గులాబీ రంగువి గర్భిణులవి. ఖాళీగా ఉన్నా కూర్చోకు, అక్కడి పిల్లలు కూర్చోరు.

ఇక ఆ లైను సంగతి. అది గుండ్రంగా తిరుగుతుంది. 1980లో కొంత ముక్క తెరిచారు, 1984లో చుట్టు పూర్తయింది. 43 స్టేషన్లు, 48.8 కిలోమీటర్లు, ఒక చుట్టు తిరగడానికి దాదాపు గంటన్నర. గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్లేదాన్ని నేసొన్ అంటారు, ఎదురు తిరిగేదాన్ని వేసొన్ అంటారు. ఈ పేర్లు కంగారులో గుర్తుండవు. స్టేషన్ నంబర్లు చూసుకో. సిటీ హాల్ 201, అక్కడి నుంచి గడియారం వైపు పెరుగుతూ పోయి 243 తర్వాత మళ్లీ 201 వస్తుంది. హోంగిక్ 239, నీ హన్యాంగ్ 209. నంబరు పెరిగే వైపు ఎక్కితే పదమూడో స్టేషన్, తగ్గే వైపు ఎక్కితే ముప్పయ్యోది. పొరపాటున అటు ఎక్కినా చేరతావులే, కాకపోతే గంట పోతుంది. మా రోజుల్లో ఇదే లైనులో షిన్‌చొన్ అని ఒకటి, షిన్‌చన్ అని ఒకటి ఉండేవి, ఊరికి ఆ కొస ఒకటి, ఈ కొస ఒకటి. రెండోదాని పేరు 2016లో మార్చారు. ఆ బాధ నీకు లేదు.

"ఎటు ఎక్కినా చేరతావు" అన్నాను కదా, ఆ మాట నమ్మే నేను దెబ్బతిన్నాను.

2008 జనవరి. నేను గాంగ్‌బ్యన్ స్టేషన్ దగ్గర చిన్న గదిలో ఉండేదాన్ని. ఒక రాత్రి మా ల్యాబ్ వాళ్లతో షిన్‌చొన్‌లో భోజనానికి వెళ్లి, అర్ధరాత్రి దగ్గర పడ్డాక రైలెక్కాను. నంబరు పెరిగే వైపే, సరైన వైపే. బ్యాగు పైన అరలో పెట్టాను. ఒళ్లంతా అలసట. గుండ్రటి లైనే కదా, నిద్రపోయినా తిరిగి తిరిగి మా ఇంటికే వస్తుందనుకున్నాను. ఆ ధైర్యంతో కళ్లు మూశాను.

ఎవరో భుజం తట్టి లేపారు. పెట్టెలో ఒక్కరూ లేరు. యూనిఫాం వేసుకున్నాయన బయటికి చూపిస్తూ ఏదో అంటున్నాడు. గబగబా దిగాను, తలుపులు పడ్డాయి, లైట్లు ఆరాయి, రైలు వెళ్లిపోయింది. అది సొంగ్సూ స్టేషన్. రాత్రి పొద్దుపోయాక చాలా రైళ్లు చుట్టు తిరగవు చిట్టీ, సొంగ్సూ దాకానో షిన్‌దోరిమ్ దాకానో వెళ్లి అక్కడి నుంచి షెడ్డుకి పోతాయి. బోర్డు మీద రాసే ఉంటుంది. నేను చూడలేదు. బ్యాగు రైల్లోనే ఉండిపోయింది, అందులోనే పర్సు. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. కోటు జేబులో టీ-మనీ కార్డొక్కటే మిగిలింది.

ఇంతవరకు ఎవరికైనా జరుగుతుంది. నా అసలు తప్పు ఆ తర్వాతది. ఆ ఉద్యోగి నన్ను ఏదో అడిగాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా "నే, నే" అన్నాను. అంటే అవును, అవును అని. మళ్లీ అడిగాడు, మళ్లీ "నే" అన్నాను. ఇంటికెళ్లే దారుందా అని అడిగాడేమో, ఎవరికైనా ఫోన్ చేయమంటావా అన్నాడేమో. చదువుకున్నదాన్ని, ఈ మాత్రం తెలియదనుకుంటాడేమోనన్న సిగ్గు నాకు. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

అక్కడ లైను నేల మీద నుంచి ఎత్తున, స్తంభాల మీద పోతుంది. ఆ స్తంభాల వెంబడే నడిచాను. సొంగ్సూ, కన్‌కుక్, గూయి, గాంగ్‌బ్యన్. మూడు కిలోమీటర్లకు పైనే. చలి సున్నాకి పది డిగ్రీలు కింద. చెవులు ముందు నొప్పి పుట్టాయి, తర్వాత అసలు తెలియలేదు. మా అమ్మని తలచుకుని ఏడ్చాను కూడా. గది చేరాక పొయ్యి మీద నీళ్లు పెట్టి ఆ ఆవిరి ముందు ఎంతసేపు నిలబడ్డానో. రెండు రోజులకి బ్యాగు సిటీ హాల్ స్టేషన్‌లో, పోయిన వస్తువులు దాచే చోట దొరికింది. గోంగూర పచ్చడి సీసాతో సహా. ఏ పెట్టెలో ఎక్కావని అడిగారు, చెప్పలేకపోయాను. ప్లాట్‌ఫాం మీద ప్రతి తలుపు దగ్గరా 7-3 లాంటి నంబరుంటుంది, నువ్వు మాత్రం ఎక్కేముందు చూసుకో.

ఈ సంగతి మీ నాన్నకి ఇప్పటిదాకా చెప్పలేదు. చెబితే నాన్నగారితో కలిసి నన్ను వెనక్కి రప్పించేవాడు.

అందుకని ఒక్క మాట బట్టీ పట్టు: "హన్యాంగ్‌దే గాయో?" హన్యాంగ్ యూనివర్సిటీకి వెళ్తుందా అని. ఎక్కే ముందు పక్కనున్న ఎవరినైనా అడుగు. అర్థం కాకపోతే "నే" అనకు, "మొల్లాయో", తెలియదు అను. తెలియదంటే ఆ ఊళ్లో మనిషిని వదిలేయరు, చేయి పట్టుకుని తీసుకెళ్లిన అమ్మమ్మల్ని నేను చూశాను. ఆఖరి రైలు పోతే ఇప్పుడు ఎన్ అక్షరంతో మొదలయ్యే రాత్రి బస్సులున్నాయి, అవెక్కడ ఆగుతాయో మొదటి వారమే తెలుసుకో.

తలుపు మూసుకుంటుంటే పరుగెత్తకు. 2016 మే 28న గూయి స్టేషన్‌లో ప్లాట్‌ఫాం తలుపు ఒంటరిగా బాగుచేస్తూ ఒక కుర్రాడు రైలుకీ తలుపుకీ మధ్య చిక్కుకుని చనిపోయాడు. పంతొమ్మిదేళ్లు. వాడి సంచిలో తినకుండా మిగిలిన కప్పు నూడుల్స్ ఉన్నాయి. మా పక్క స్టేషన్ అది. హైదరాబాద్‌లో ఆ వార్త చదివి ఆ రోజంతా ఏ పనీ చేయలేకపోయాను. తర్వాతి రైలు కొద్ది నిమిషాల్లో వస్తుంది, ఆగు.

అన్నీ భయాలే చెప్పానా? గాంగ్‌బ్యన్ దాటగానే రైలు హాన్ నది మీదకి వస్తుంది. సాయంత్రం పూట ఆ కాసేపూ ఫోన్ చూడకుండా కిటికీలోంచి చూడు. బెంగగా ఉన్న రోజుల్లో నేను ఊరికే ఆ ఒక్క స్టేషన్ దూరం వెళ్లి వచ్చేదాన్ని.

రాత్రి ఆలస్యమైతే రైల్లోంచి నాకు ఫోన్ చెయ్యి, నిద్ర రాకుండా మాట్లాడుతుంటాను. నిద్ర లేపుతున్నానేమో అనుకోకు. నీకు పన్నెండైతే నాకింకా ఎనిమిదిన్నరే.

నీ అత్తయ్య