బిర్చ్ ఆకుల అంచున బారులు తీరిన పురుగులు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి ఆగస్టులో వెళ్లాను. పెరట్లోని బిర్చ్ చెట్టు ఆకుల అంచులను పచ్చని పురుగులు బారులు తీరి తింటున్నాయి. తల నల్లన, ఒంటి పక్కల నల్లని మచ్చలు, రెండు కొసలా నారింజ పసుపు. కొమ్మ కదిపితే అన్నీ ఒక్కసారిగా తోకలు పైకెత్తాయి. ఇవి ఏ సీతాకోకచిలుక పిల్లలు? ఫొటో పంపుతున్నాను.
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ఇవి సీతాకోకచిలుక పిల్లలు కావు. చీమలు, కందిరీగలు చేరిన వర్గానికే చెందిన సాఫ్లై, అంటే రంపపు ఈగ, పిల్లపురుగులు. ఆడ ఈగ రంపం వంటి అవయవంతో ఆకును కోసి, ఆ చీలికలో గుడ్లు పెడుతుంది కనుక ఆ పేరు వచ్చింది.

తేడా తెలిసేది కాళ్ల లెక్కలో. మీ ఇంట్లో నిమ్మచెట్టో కరివేపాకు చెట్టో ఉంటే దాని మీది గొంగళిని ఒకసారి పరిశీలించండి: తల వెనుకనున్న మూడు జతల అసలు కాళ్లు పోగా, పొట్ట కింద మెత్తని కాళ్లు ఐదు జతలకు మించవు. ఆకుల మీద తిరిగే రంపపు ఈగ పిల్లలకు అవి సాధారణంగా ఆరు జతలు, లేదా అంతకన్నా ఎక్కువ. మీ ఫొటోలో పక్కకు తిరిగి ఉన్న పురుగుకు ఏడు జతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మన దేశంలో ముల్లంగి, ఆవ ఆకులను తినే నల్లని పురుగు కూడా ఈ కోవదే. దానికి ఎనిమిది జతలుంటాయి, తాకితే చచ్చినట్టు ముడుచుకుని నేల రాలుతుంది.

ఇక జాతి విషయం. భూర్జపత్రాన్నిచ్చే మన హిమాలయ వృక్షానికి దగ్గరి బంధువైన ఈ బిర్చ్‌ను తినే రంపపు ఈగలు అనేకం కాబట్టి, చెట్టును బట్టి మాత్రమే పేరు చెప్పడం సరికాదు. సింబెక్స్ ఫెమోరాటస్ పిల్ల ఒంటరిగా, చుట్టుకుని ఉంటుంది. లేత ఆకుపచ్చ వీపు మీద నల్లని గీత ఉంటుంది. క్రేసస్ లాటిపెస్ గుంపుగానే తింటుంది గాని ఒళ్లు ముదురు రంగు. మీరు చెప్పిన మచ్చలు, కొసల నారింజ పసుపు, బారులు తీరిన తీరు కలిపి చూస్తే ఇది క్రేసస్ సెప్టెంట్రియోనాలిస్ అని నా నిర్ణయం. కొన్ని గ్రంథాలు దీన్ని నెమాటస్ ప్రజాతిలో చేరుస్తాయి. తోకలెత్తడం బెదిరింపే. పొట్ట కిందనున్న గ్రంథుల నుంచి అప్పుడు ఘాటైన వాసన వెలువడుతుంది.

గొంగళిపురుగుల కోసం మన రైతులు చల్లే బీటీ అనే బ్యాక్టీరియా మందు వీటిపై పనిచేయదు. గుర్తింపులో పొరపాటు పడకూడదనడం అందుకే. ఎదిగిన చెట్టుకు ప్రాణభయం లేదు. చెట్టు చిన్నదైతే పురుగులున్న ఆకులను తుంచి తీసేయమని అమ్మాయికి చెప్పండి.