తోట పనికి ఏ కత్తి మంచిది?

ప్రశ్న: మాకు నాలుగెకరాల మామిడి, కొబ్బరి తోట ఉంది. ఎండుకొమ్మలు కొట్టడానికి, కంచె వెంట పెరిగే సర్కారు తుమ్మను నరకడానికి పెద్ద కత్తి కావాలి. ఆన్‌లైన్‌లో వెన్నుకు రంపపు పళ్లున్న స్టెయిన్‌లెస్ స్టీలు కత్తులు చవకగా దొరుకుతున్నాయి. మా ఊరి కమ్మరి మాత్రం లారీ కమాను పట్టీతో మచ్చుకత్తి చేసిస్తానంటున్నారు. ఏది తీసుకోమంటారు?
— ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: కమ్మరి చేతే చేయించుకోండి. బరువుకు వంగి మళ్లీ యథాస్థితికి రావడానికే కమాను పట్టీ ఉక్కును తయారుచేస్తారు కనుక, అందులో కర్బనం అర శాతానికి కాస్త అటూఇటూగా ఉండి, పదును నిలుపుకుంటూనే దెబ్బకు విరగని గుణం ఉంటుంది. చవక స్టెయిన్‌లెస్ కత్తులు తుప్పు పట్టకపోవచ్చు గానీ, తుమ్మ కణుపు మీద నాలుగు దెబ్బలు పడేసరికి వాటి వాదర (పదునైన అంచు) ముడుచుకుపోవడమో చిట్లడమో జరుగుతుంది. వెన్ను మీది రంపపు పళ్లు పచ్చికొమ్మలో ఇరుక్కుంటాయి తప్ప కోయవు. పైగా రెండో చేత్తో వెన్నును పట్టుకునే వీలు లేకుండా చేస్తాయి.

మీ పనికి వెన్ను దగ్గర 5, 6 మిల్లీమీటర్ల మందం ఉండి, కొన వైపు బరువు, లోపలికి కొద్దిపాటి వంపు ఉన్న కత్తి సరిపోతుంది. గడ్డి, లేత పొదలు మాత్రమే కొట్టేవారికైతే 2, 3 మిల్లీమీటర్ల పలుచని పొడవాటి కత్తి నయం, ఎందుకంటే బరువు కత్తితో గంటసేపు గడ్డి కొడితే మణికట్టు పట్టేస్తుంది. మణికట్టుకన్నా లావైన తుమ్మ మొద్దుకు గొడ్డలో రంపమో వాడండి.

కమ్మరి పనితనమంతా వాదరను కాల్చి చల్లార్చడంలో ఉంటుంది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచి తీసిన తర్వాత, వాదరను రాయితో మెరిసేలా రుద్ది మళ్లీ సన్నని వేడి చూపితే, లేత పసుపు, గోధుమ, ఊదా, నీలం రంగులు వరుసగా పాకుతాయి; నరికే కత్తికి ఊదా దాటి నీలం తిరిగే దగ్గర ఆపమని అడగండి. పసుపు దగ్గరే ఆపితే వాదర పెళుసుగా ఉండిపోతుంది. కత్తి చేతికి వచ్చాక వాదర మీద ఆకురాయి లాగి చూడండి: గాజు మీద జారినట్టు జారితే అతి గట్టి, మేకు మీద లాగినట్టు సులువుగా అరిగితే మెత్తన, కాస్త బిగువుగా పట్టి అరిగితే సరైనది.

పిడి విషయంలో రాజీ పడవద్దు. కత్తి ఉక్కు పిడిలోపల చివరిదాకా వెళ్లి రివెట్లతో బిగిసి ఉండాలి. పిడి కొస లావుగా ఉంటే చెమట చేతిలోంచి కత్తి జారదు. కత్తి తోకను కాల్చి పిడిలోకి దిగ్గొట్టే రకమైతే పిడి మూతికి ఇనుప పొన్ను (కట్టు) తప్పనిసరి, అది వదులైన రోజే పని ఆపి బిగించుకోవాలి.

ప్రశ్న: నల్లమలలో నడకకు వెళ్లేటప్పుడు ఇలాంటి కత్తి వెంట ఉంచుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: అభయారణ్యంలోకి తీసుకువెళ్లవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో ప్రవేశించకూడదు, ఆ చట్టం చెప్పే ఆయుధాల్లో కత్తులూ ఉన్నాయి. పైగా అక్కడి మొక్కలను నరకడమూ నేరమే. దారి మూసుకుపోయి ఉంటే అటవీ సిబ్బందికి తెలియజేసి, వారు చూపిన బాటలోనే నడవండి.